నలభై నిమిషాల దూరం

బుజ్జిపండూ,

అన్నయ్య ఆఖరి చూపు దక్కలేదని ఇంకా ఏడుస్తున్నావట. తప్పు నీది కాదు తల్లీ. విమానమైతే నలభై నిమిషాలేనన్నావు. ఆ మాటే పట్టుకుని, ఇక వాణ్ణి కాటికి తీసుకెళ్దామన్న మీ మామయ్యను నాలుగుసార్లు ఆపాను. "నీ నలభై నిమిషాలు ఎన్ని గంటలే అక్కా?" అన్నాడు. అంతా అయిపోయి మేం తిరిగొస్తుంటే నీ విమానం మా నెత్తిమీదుగా దిగింది.

నువ్వు వెళ్లిన మర్నాడు ఎయిర్‌పోర్టుకెళ్లి అడిగాను. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసి, "ఎగిరింది నలభై నిమిషాలేనండీ. మిగతా ఎనిమిది గంటలూ నేలమీదే ఉంది, అది ప్రయాణంలోకి రాదు" అంది. మావాడూ ఆ ఎనిమిది గంటలు నేలమీదే ఉన్నాడమ్మా అన్నాను. ఫిర్యాదు ఫారంలో అది రాయడానికి గడి లేదట.

ఈసారి బస్సెక్కి రా. తొమ్మిది గంటలంటే తొమ్మిది గంటల్లోనే దింపుతుంది. దార్లో ఆగినచోట కడుపునిండా తిను.