ఖాళీ మంచాల మెప్పు

1968 ఆగస్టు, మంగళవారం రాత్రి

జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఇవాళ మా పిల్లల వార్డును తెగ మెచ్చుకున్నాడు. కిటికీ చెక్క మీద వేలు పెట్టి రాసి, దుమ్ము లేదన్నాడు. ఈ నెల ఒక్క బిడ్డ కూడా చనిపోలేదని విని మురిసిపోయాడు. ఎలా చనిపోతారు? ప్రాణం మీదికి వచ్చిన పిల్లలను మా డాక్టరుగారు నెలంతా ఇళ్ళకు పంపేస్తూ వచ్చారు, మిగిలినవాళ్ళను నిన్ననే పంపేశారు. ఇంటి దగ్గర పోతే ఆ చావు మా లెక్కలోకి రాదు. వైద్యం బాగుందని తేల్చడానికి వీళ్ళకు తెలిసిన కొలత ఇదీ!

ఆ తనిఖీ అధికారి కాఫీ తాగుతుండగానే, నిన్న పంపేసిన వాళ్ళలో ఒకావిడ, ఉద్దానం పల్లె మనిషి, తన కూతురిని భుజాన వేసుకుని తిరిగి వచ్చింది. విరేచనాలతో పిల్ల వాడిపోయి వేలాడిపోతోంది.

"నర్సమ్మా, ఇంటికెల్పొమ్మన్నారు. పిల్ల కల్లు తెరవనేదు. ఏటి సెయ్యమంటావు?"

డాక్టరుగారు నా దగ్గరికి వచ్చి, "అధికారి వెళ్ళాక చూద్దాం. వరండాలో కూర్చోబెట్టు," అని గొణిగారు. ఆ అధికారి అంతా విన్నాడు. విని, గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఛీ, ఏం చదువులో!

నేను పిల్లను లోపలికి తీసుకెళ్ళి, మంచం మీద పడుకోబెట్టి సెలైను ఎక్కించాను.

"ఉద్యోగం మీద ఆశ లేదా?" అన్నారు డాక్టరుగారు. ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు.

రేపు మెమో ఇస్తారేమో. ఉద్యోగం పోతే అమ్మకు ఏం చెప్పాలో...

దీపాలు పెట్టే వేళకు పిల్ల కళ్ళు తెరిచి, "నీల్లు" అంది. చెంచాతో పట్టాను. తాగి, చాలక నా చెయ్యి పట్టుకుని లాగింది.