సగం నిండిన బ్లాకు

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఫైళ్లను డిస్కులో సర్దడానికి నువ్వు రాసిన, ఇప్పుడు నేను చూసుకుంటున్న ఫైల్‌సిస్టమ్ కోడుకి ఎవరో ఒక మార్పు పంపారు, చూసి చెప్పమని. ఫైలుకి డిస్కులో దక్కిన చివరి గడి, అదే చివరి బ్లాకు, సగమే నిండితే, మిగతా సగంలో ఎప్పుడో చెరిపేసిన అక్షరాలు ఉండిపోతున్నాయట. ఇకపై అక్కడ సున్నాలు నింపి వాటిని తుడిచేయాలట.

"పరీక్షించకుండా సరే అనకక్కా" అనేవాడివిగా, ఏలూరొచ్చి నీ కంప్యూటర్లోనే చూశాను. నువ్వు రాసుకున్న కొల్లేరు పక్షుల జాబితా ఫైలు అయిపోయాక, ఖాళీగా ఉండాల్సిన చోట నువ్వు చెరిపేసిన మాట కనిపించింది: "అక్కా, నొప్పి ఓర్చుకోలేకపోతున్నాను. ఒకసారి రాగలవా?"

తాడేపల్లిగూడెంలోనే ఉన్నాను కదరా, బస్సెక్కితే గంట! ఎందుకు చెరిపావు? డిస్కంతా గాలించాను. ఇంకొక్క అక్షరం దొరకలేదు.

ఆ మార్పులో ఏ తప్పూ లేదు. ఉందని రాసి తిప్పి పంపేశాను.

అక్క