దోతి మీది ఎరుపు

రామన్నపేట, 1964 ఆషాఢం, మంగళవారం.

పట్నం దవాఖానలో తమ్ముడు యాదగిరి కడుపు కోసి, ఏమీ తీయకుండానే మళ్ళీ కుట్టేశారు. పేగులో పుట్టిన క్యాన్సర్ కాలేయం దాకా పాకిందట. వాడికి ముప్పై ఆరేళ్ళు.

డాక్టర్ నన్ను కూర్చోబెట్టి మా ఇంట్లో చావులన్నీ అడిగి కాగితం మీద గీతలు గీశాడు. తాత, బాపు, చిన్నాయన. ముగ్గురూ నలభై అయిదు దాటలేదు, ముగ్గురికీ దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పోయేది. బాపు దోతి మీది ఎరుపును మేము రంగే అనుకున్నాం. నూలుకు రంగులు వేసే ఇంట్లో ఎర్ర మరకను ఎవరు పట్టించుకుంటారు?

"గీ రోగం మీ ఇంట్ల తరతరాలుగ నడుస్తాంది. నీకు సుత నెత్తురు పడుతాందా?"

"లేదు సారూ."

"అయినా సోమవారం రా. గొట్టం పెట్టి పేగు లోపల చూస్త. మొదట్లనే దొరికితే కోసి తీసెయ్యొచ్చు."

వస్తానన్నాను గానీ వెళ్తాననే నమ్మకం నాకే లేదు. నా పిల్లలిద్దరి పేర్లు కూడా ఆ కాగితం అడుగున రాసి, పక్కన ఖాళీ జాగా వదిలాడు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య లక్ష్మి బట్టలు ఉతుకుతోంది. నా దోతి ఎత్తి చూపించింది.

"ఎంత రుద్దినా గీ ఎరుపు పోతలేదు."

"నూలు రంగు గట్లనే ఉంటది," అన్నాను. బాపు కూడా అమ్మతో అదే మాట అనేవాడు.

ఆమె సరేనని మళ్ళీ రుద్దింది. ఉగాది నుంచి మా ఇంట్లో నలుపు తప్ప వేరే రంగు కలపలేదు. ఆ సంగతి ఆమెకు ఎప్పుడు గుర్తొస్తుందో.