నీ పుస్తకం నిండా ‘లేదు’లే

ఓబులేసూ,

బాగున్నావా అని ఎలా అడగను? నువ్వు పోయి ఏడు నెలలైంది. నేను, నీ అక్కను, రాస్తున్నాను.

మొన్న అనంతపురం వెళ్లి వచ్చాను, నీ మాత్రల అలవాటు మాన్పించడానికి మందు ఇచ్చిన ఆసుపత్రికి. నీ చికిత్స పుస్తకం ఇంట్లోనే ఉండిపోయింది కదా, తిరిగి ఇద్దామని. బస్సులో దాన్ని తిరగేశాను. ‘ఈ వారం మాత్రలు వాడారా?’ అన్న గడిలో ప్రతి వారమూ ‘లేదు’. పక్కన మూత్రం పరీక్ష గడి... అక్కడా ‘లేదు’.

కానీ నువ్వు వాడావని నాకు తెలుసు కదరా.

బోరు బండి మీద ఇనుప రాడ్లు ఎత్తీ ఎత్తీ నడుము పట్టేసినప్పుడు మొదలైనవి ఆ నొప్పి మాత్రలు. నాలుగేళ్లకు అవి లేనిదే మంచం దిగలేకపోయావు. మానాలని అన్నదీ నువ్వే. నాలుక కింద పెట్టుకునే మందు వారానికి సరిపడా ఇచ్చేవాళ్లు. మొదటి రెండు నెలలు ముఖం తేటపడింది. మారు అన్నం అడిగేవాడివి.

ఆ తర్వాత ఒక గురువారం, ఆసుపత్రిలో మనల్ని లోపలికి పిలిచే ముందు, నా చెవిలో చెప్పావు. “ఆ నొప్పి మాత్రలు రెండు తూర్లు వేసుకున్న్యాక్కా. రెండే. నువ్వు లోపల చెప్పొద్దు. చెప్తే దినామూ ఈడికే వచ్చి మందు తీసుకోమంటారు. బండి పని పోతాది.”

లోపల నర్సమ్మ, ఈ వారం మాత్రలు వాడావా అని అడిగింది. నువ్వు లేదన్నావు. ఆమె నా వైపు చూసింది. నేను కొంగు సర్దుకున్నాను. కాసేపటికి మూత్రంలో ముంచిన పరీక్ష పట్టీ కూడా లేదనే చెప్పింది. అయితే నీ ఒంట్లో నిజంగానే లేదేమో, ఇక భయం లేదేమో... అని సర్దిచెప్పుకున్నాను.

మూడు వారాలకు, గుమ్మఘట్ట దగ్గర బోరు వేస్తూ, మధ్యాహ్నం బండి నీడలో పడుకున్నవాడివి లేవలేదు. జేబులో ఖాళీ మాత్రల అట్ట. ఒంట్లో ఏ మందు ఎంత ఉందో తేల్చడానికి పరీక్షకు పంపామని శవపరీక్ష చేసినవాళ్లు అన్నారు. ఆ కాగితం ఇంకా రాలేదు.

మొన్న నర్సమ్మకు ఇదంతా చెప్పేశాను. ఆ పట్టీ కొన్ని రకాలనే పట్టుకుంటుందట. నువ్వు వేసుకున్న రకం దానికి దొరకదట. “అందుకే గదమ్మా నోటితో అడిగేది. చెప్పింటే తిడతామా? మందు పెంచుతాంటిమి,” అంది. మరి రోజూ రమ్మనేవాళ్లా అని అడిగాను. “కొన్నాళ్లు రమ్మంటాంటిమేమో,” అంది, దాచకుండా.

అంటే నీ భయమూ నిజమేనా? పని పోయినా నువ్వు ఉండేవాడివా? నేను నీ మాట నిలబెట్టానా, నిన్నే పోగొట్టుకున్నానా...

పుస్తకం దిద్దుదామని ఆమె పెన్ను తీసింది. ఎన్నిసార్లు వాడాడు అంది. రెండు అనబోయి ఆగిపోయాను. ‘రెండే’ అన్నప్పుడు నువ్వు నా ముఖం చూడలేదు, నేల చూశావు. రెండా? పదా? నాకూ తగ్గించే చెప్పావా? తెలియదన్నాను. ఆమె అదే రాసింది, ‘వాడాడు. ఎన్నిసార్లో తెలియదు’ అని.

వచ్చే గురువారం మళ్లీ రమ్మంది, రోగుల వెంట వచ్చే ఇంటివాళ్లతో మాట్లాడమని. వెళ్తాను. ఏం చెప్పాలో తెలియడం లేదు. నా తమ్ముడు నాకు చెప్పాడు, నేను లోపల చెప్పలేదు... అంతవరకైతే నోరు తెరిచి చెబుతాను.

నీ పేరు చెప్పనా, వద్దా?

నీ లక్ష్మక్క