ఎల్లమ్మ బట్ట ఎర్రబడ్డ సంగతి

సూర్యాపేట,
మార్చి 21, 1949.

సౌభాగ్యవతి కోడలు తిరుపతమ్మకు,

చివ్వెంల నీ అత్త కాటమ్మ సూర్యాపేట దవాఖానకాడ కూసోని, దీవించి రాయించేది. ఇంటికాడ మేము, జీవాలు బాగనే ఉన్నం. త్రిపురారంల నువ్వు, మీ అవ్వ, అయ్య సల్లగ ఉండాలె. ఈ ఉత్తరం సదివేటాయన ఎవరైనా సరే, మీ ఇంటోళ్లందరిని కూసోబెట్టి గట్టిగ సదవాలె. సగం మింగొద్దు.

రాసేది దవాఖాన కంపౌండర్ యాకోబు. నేను సెప్పింది సెప్పినట్టే రాయమన్న.

శ్రీరామనవమి ఎల్లంగనే నీకు మారుమనువు సేస్తున్నరని తెలిసింది. ఆ మాట ఇన్నకాంచి నా కొడుకు నర్సింహ గొర్లకాడనే పంటుండు, నా మొకం సూస్తలేడు. నిన్ను ఎల్లగొట్టింది నేనే గద, నన్ను గాక ఇంకెవరిని అంటడు?

అయినా అప్పుడు నేనేం జేతు సెప్పు? ఎల్లమ్మ దేవతకు కొత్త కోడలు పసుపు బట్ట కట్టుడు మన ఇంటి ఆనవాయితి. తెల్ల బట్టను పసుపు నీళ్లల్ల ముంచితివి. తీసేసరికి నెత్తురోలె ఎర్రగ! తల్లి నిన్ను ఒద్దంటున్నదనుకున్న. నాకేం తెల్వదని నువ్వెంత మొత్తుకున్నా ఇనకపోతి.

మొన్న కాలు పుండైతె దవాఖానకు పోయిన. యాకోబు నా కాలికున్న పసుపు గుడ్డ ఇప్పి, సీసాలు కడిగే సోడా నీళ్లల్ల పడేసిండు. సూస్తుండంగనే ఎర్రబడ్డది. అదే ఎరుపు! కేకపెట్టి లేసిన, పుండు గూడ యాదికి లేదు. ఆయన నవ్వి దాని మీద నిమ్మకాయ పిండిండు. ఓయమ్మో, మళ్ల పసుపుపచ్చగ అయింది!

నేను ఊకుంటనా? ఇదంత మీ దవాఖాన మందుల మాయ అని కొట్లాడిన. తెల్లారి మన వాగొడ్డున దొరికే బట్టలుతికే సౌడుమట్టి, పొయ్యిల బూడిద, సింతపండు కొంగుల కట్టుకొని మళ్ల పోయిన. సౌడు నీళ్లు పోసినా అదే ఎరుపు, బూడిద నీళ్లు పోసినా అదే. సింతపులుసు పడంగనే ఎక్కడిదక్కడ పసుపు! యాకోబుకు ఇసుగొచ్చిందాక సేసిన.

ఆయన ఏం సెప్పిండంటే, పుల్లటియన్ని ఒక కులమట, ఆమ్లాలంటరట. సౌడు, సున్నం, బూడిద ఇంకో కులం, క్షారాలట. క్షారం తాకితె పసుపు ఎర్రబడతదట. ఆ రెండు కులాలు సరికిసరి కలిస్తె దీని పులుపు పోతది, దాని ఘాటు పోతది, ఉప్పు తీరుది మిగులుతదట. సౌడు నీళ్లల్ల సింతపులుసు పోస్తె బుసబుస పొంగి, జరసేపటికి నిమ్మళమైంది. అట్లనే సూస్తు కూసున్న, బిడ్డా. దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎన్నిసార్లు కలపలేదు ఈ సేతులతోని! పసుపుల సున్నమేస్తె ఎర్రబడతదని ఎరుకే. సౌడు గూడ సున్నానికి సుట్టమని మాత్రం తెల్వకపాయె. అరవై ఏండ్ల నుంచి నా కండ్ల ముంగటనే ఇంత సోద్యం ఉన్నది గదా అని ఒళ్లు జల్లుమన్నది.

ఇగ అసలు మాట. నువ్వు బట్టను సౌడుల ఉతికి, సరిగ జాడియ్యక పసుపుల ముంచినవు. అంతే. ఎల్లమ్మకు నీ మీద ఏ కోపం లేదు. సిన్నపిల్లవు, తెల్వక సేసినవు, నేను మనసుల పెట్టుకోను. మిర్యాలగూడ దాక వచ్చి బస్సెక్కు, నర్సింహ సూర్యాపేటల కాసుకొని ఉంటడు.

నీ మేలు కోరే అత్త,
కాటమ్మ (వేలిముద్ర)

తాజాకలం: యాకోబు ఉత్తరం మడుస్తుంటె ఆపిన. బట్టను నువ్వు సౌడుల ఉతికినవని రాయించింది అబద్ధం, బిడ్డా. గంజి పోవాలెనని ముందటి రోజు ఉతికి, జాడియ్యకుంటనే ఆరేసింది నేను. నువ్వు నేనిచ్చిన బట్టను ముంచినవు, గంతే. నువ్వేం తప్పు సెయ్యలేదు. పై మాట కొట్టేస్తనని యాకోబు అన్నడు, వద్దన్న. నేనెసుంటిదాన్నో మీవాళ్లకు గూడ తెలువనీ. ఉగాది ఎల్లిన తెల్లారి కుంటుకుంటనన్న నేనే వస్త. ఆ బట్టను మీ వాకిట్ల, అందరు సూస్తుండంగ సింతపులుసుల ముంచుత. నాతోని వస్తవో రావో అప్పుడు నువ్వే సెప్పు. మీ అయ్యను అడగను, నర్సింహను అడగను.