హంతకుడెవరో తెలియకుండానే నేను పోయిన పక్షంలో

విశాఖపట్నం కూర్మన్నపాలెం కాపురస్తుడు, కీర్తిశేషులు చిట్టూరి శ్రీరామ్మూర్తి గారి కుమారుడు, ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైన చిట్టూరి గంగాధరరావు అనే నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఎవరి మాయమాటలకూ లోబడకుండా, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది.

"పూర్తి తెలివిలో" అన్న మాట దగ్గర నా భార్య వెంకటరమణమ్మ అభ్యంతరం చెప్పింది. మేకపిల్ల కోసం వెక్కివెక్కి ఏడ్చిన మనిషి అలా ఎలా రాసుకుంటాడని ఆవిడ ప్రశ్న. ప్లీడరు గారు ఆ అభ్యంతరం చెల్లదన్నారు. మేకపిల్ల సంగతి మూడో క్లాజులో వస్తుంది.

వచ్చే గురువారం నాకు గుండె ఆపరేషన్. డాక్టరు గారు భయమేమీ లేదన్నారు. అన్న వెంటనే ఒక కట్ట కాగితాల మీద నా చేత సంతకాలు పెట్టించారు. డిటెక్టివ్ నవలలు చదివేవాణ్ణి కాబట్టి, భయమేమీ లేదని చెప్పేవాళ్ల మీద నాకు మొదటినుంచీ అనుమానమే. అందుకే ఇది రాస్తున్నాను. తిరిగి వస్తే నేనే చించేస్తాను.

1. కూర్మన్నపాలెంలోని ఫ్లాటు, అందులోని సామాను, బ్యాంకులో ఉన్నదీ నా తదనంతరం నా భార్య వెంకటరమణమ్మకు దాన విక్రయాది సర్వ హక్కులతో చెందవలెను. నలుగురూ ఆస్తి అనుకునేది ఇంతటితో అయిపోయింది. ఇక మిగిలినవి నా పుస్తకాలు. తొందరలో ఉన్నవారు నేరుగా సంతకాల దగ్గరికి వెళ్లిపోవచ్చు.

ఈ సందర్భంలో ఆవిడ గురించి ఒక మాట. ఆవిడ జన్మలో ఒక్క డిటెక్టివ్ నవల చదవలేదు. నేను చదువుతుంటే పక్కన కూర్చుని వంకాయలు తరుగుతూ కథేమిటని అడుగుతుంది. సగం చెప్పేసరికి హంతకుడి పేరు చెప్పేస్తుంది. అదే నిజమవుతుంది. ఎలా తెలిసిందంటే, "అంత మర్యాదగా మాట్లాడేవాడు చంపక ఏం చేస్తాడండీ" అంటుంది. ఆవిడ వంకాయల దగ్గర తేల్చేసిన చోటికి చేరడానికి నేను పుస్తకమంతా చదవాలి. అప్పటికి కూర కూడా అయిపోతుంది.

2. నాలుగో క్లాజులో చెప్పిన ఒక్కటి తప్ప నా డిటెక్టివ్ నవలలన్నీ కూర్మన్నపాలెం జంక్షన్‌లో టీ కొట్టు నడిపే దొరబాబుకు చెందవలెను. బస్సు కోసం నిలబడేవాళ్లు చదువుకుంటారు. వాటిపై టీ గ్లాసు పెట్టరాదు. చదివేసినవాడు మొదటి పేజీలో హంతకుడి పేరు రాయరాదు.

దొరబాబు నా అభిప్రాయం అడిగాడు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. «ఐసు ఫ్యాక్టరీలో శవం» రాసినాయన ఫిషింగ్ హార్బరు పటంలో తప్ప చూసి ఉండడు. ఆయన పుస్తకంలో చేపల వేలంపాట భోజనాల వేళకు మొదలవుతుంది. డిటెక్టివు ఉప్మా తిని, చెయ్యి కడుక్కుని, తీరిగ్గా వెళ్తే అక్కడ ఇంకా బోట్లు వస్తూ ఉంటాయి. అసలు వేలం తెల్లవారుజామునే మొదలవుతుంది, ఆ వేళకు వెళ్తే అక్కడ దొరికేది పిల్లులూ నీచు వాసనే. అయినా పుస్తకం కింద పెట్టలేకపోయాను. వల అల్లుకునే ముసలాయనే చంపాడని చివరి దాకా నమ్మాను. ఆయన రెండో అధ్యాయంలోనే చచ్చిపోయాడన్న సంగతి మర్చిపోయాను.

«నల్ల గొడుగు మనిషి»లో చంపినవాడు నల్ల గొడుగు మనిషే. అట్ట మీద బొమ్మ కూడా అతనిదే. రచయిత ఇంత తిన్నగా చెప్పడు, ఇందులో ఏదో మెలిక ఉందనుకుని ఊరందరినీ అనుమానించాను.

నిజానికి నా అనుమానాలన్నిటికీ మూలం నా ఉద్యోగం. డ్యూటీ అప్పజెప్పకుండా దిగిపోయినవాడే నేరస్తుడని నా ఒంట్లో ఇంకిపోయింది. కథలో వాచ్‌మన్ గానీ వంటమనిషి గానీ ఇంకొకరికి చెప్పకుండా బయటికి వెళ్తే చాలు, నా లెక్కలో వాడికి ఉరిశిక్షే. ఇంతవరకు ఒక్క నవలలో కూడా ఆ లెక్క సరిపోలేదు.

3. పిల్లల నవలలన్నీ మధురవాడలో ఉంటున్న మా అమ్మాయి శ్రీవల్లి కూతురు, నా మనవరాలు కీర్తనకు చెందవలెను. అవి మొదటినుంచీ దానివే. ప్రతి ఆదివారం వచ్చి ఒక పుస్తకం ఇస్తుంది, మళ్లీ వచ్చినప్పుడు పరీక్ష పెడుతుంది. నేను ఎక్కువగా ఫెయిలవుతాను.

«అమ్మమ్మ కళ్లజోడు ఎవరు తీశారు» అనే పుస్తకంలో పాలవాడే తీశాడని వాదించాను. తీసింది పిల్లి. కీర్తన నన్ను జాలిగా చూసి, "తాతయ్యా, ప్రతి బొమ్మలోనూ పిల్లి తోక కనిపిస్తోంది కదా, నువ్వు బొమ్మలు చూడవా?" అంది. చూడను. పెద్దవాళ్లు బొమ్మలు చూడకుండా పేజీ తిప్పేస్తారు. ఇప్పుడు డిటెక్టివ్ నవలల్లో కూడా బొమ్మల కోసం వెతుకుతున్నాను, వాటిలో ఉండవు.

ఇక «తొమ్మిదో నంబరు బస్సులో మేకపిల్ల». టిక్కెట్టు లేదని కండక్టరు ఆ మేకపిల్లని వానలో దించేస్తాడు. అది బస్టాపులో నిలబడి, వచ్చిన ప్రతి బస్సు వంకా చూస్తుంది. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. గుండె పట్టుకుని ఏడుస్తుంటే వెంకటరమణమ్మ గుండెనొప్పనుకుని ఆటో పిలిచింది. మేకపిల్ల అని చెప్పేలోపే నన్ను ఆటో ఎక్కించేసింది. ఆసుపత్రిలో తీగలన్నీ తగిలించి చూసి, మూసుకుపోయిన రక్తనాళాలు చూపించారు. ఆ కథలో మేకపిల్లని చివరికి డ్రైవరు ఇంటికి తీసుకువెళ్లాడని ఐసీయూలో ఉండగా కీర్తన ఫోన్‌లో చెప్పింది. డాక్టరు గారి మాటకన్నా దానికే నాకు ఎక్కువ ధైర్యం వచ్చింది. రచయిత్రికి ఒకటే విన్నపం: ఆఖరి పేజీలో నీతి అవసరం లేదు, మేకపిల్ల చాలు.

4. మా అల్లుడు నవీన్‌కు «నల్ల గొడుగు మనిషి» ప్రత్యేకంగా ఇవ్వవలెను. ఏ పుస్తకం పేరు చెప్పినా అతను ఫోన్‌లో దాని సారాంశం చూసి నాకు వినిపిస్తాడు. మంచివాడు, మా అమ్మాయిని బాగా చూసుకుంటాడు, అది ఒప్పుకుంటాను. ఆ పుస్తకం మాత్రం ఫోన్ పక్కగదిలో పెట్టి చదవవలెను. చదివాడో లేదో కీర్తన పరీక్ష పెడుతుంది.

5. పై ఫ్లాటులో అద్దెకు ఉంటున్న ఉమాశంకర్‌కు ఏమీ లేదు. గుర్తు కోసం పేజీ మూల మడిచేవాడికి నేను పుస్తకం ఇవ్వను. ఏమీ దక్కనివాడే సాక్షి సంతకానికి అన్నివిధాలా తగినవాడని ప్లీడరు గారు అన్నారు.

6. ఇప్పుడు గొర్లె తవిటయ్య. ఇతను నా స్నేహితుడు. ఒకే క్రేన్ మీద, నా తరువాతి షిఫ్టులోనో ముందు షిఫ్టులోనో పనిచేసేవాడు. షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు ఎక్కేవాడికి, అంటే రిలీవరుకి, అన్నీ చెప్పి అప్పజెప్పాలి. కింద ఉన్నవాళ్ల ప్రాణాలు ఆ మాటల మీద ఆధారపడి ఉంటాయి. అది మా మొదటి పాఠం.

అప్పట్లో మా ఇద్దరికీ కలిపి ఒక్కటే నవల. రెస్ట్ రూము అలమరలో ఉండేది, టీ వేళ అతను కొంత, నేను కొంత చదివేవాళ్లం. అతను నాకన్నా వేగంగా చదివేవాడు. «తాళం వేసిన పడవ» నేను సగంలో ఉండగా, ఒకరోజు అతను క్రేన్ దిగి, ఎప్పటిలాగే డ్యూటీ అప్పజెప్పాడు: "బావా, ఎడంపక్క బ్రేకు ఒకింత జారతంది. మెట్ల కాడ బల్బు పోనాది. సంపేసింది పడవోడి పెళ్లాం."

మూడూ ఒకే గొంతుతో చెప్పాడు. నేను కేకలేస్తే ఆశ్చర్యపోయాడు. "రిలీవరుకి దాస్తే తప్పు కాదేటి బావా?" అన్నాడు.

ఆ రోజు నుంచి అతనితో అన్నీ మాట్లాడతాను గానీ చదువుతున్న పుస్తకం పేరు చెప్పను. దొరబాబు కొట్టు దగ్గర అతను వస్తుంటే పుస్తకం సంచిలో పెట్టేస్తాను. ఇన్నేళ్ల పగ ఇది. ఇంత చిన్న పగ ఇన్నేళ్లు మోసినందుకు సిగ్గుపడాలి, కానీ ఆ నవల నిజంగా చాలా బాగుంది.

7. ప్రస్తుతం చదువుతున్నది «దీపస్తంభం కింద». లైట్‌హౌసు దగ్గర ఒక కాంట్రాక్టరు హత్య. డాక్టరు, వంటావిడ, లైట్‌హౌసు కాపలాదారు, ముగ్గురి మీదా అనుమానం. కాపలాదారు ఎవరికీ చెప్పకుండా డ్యూటీ దిగాడు కాబట్టి నా అనుమానం ఎవరి మీదో వేరే చెప్పనక్కరలేదు. అంటే అతను నిర్దోషి. వెంకటరమణమ్మకు ఈసారి కథ చెప్పలేదు.

చివరి అధ్యాయం కావాలనే ఆపాను. గురువారం లోపల చదివేయొచ్చు. కానీ చదివేస్తే తిరిగి రావడానికి ఒక పని తక్కువవుతుందని భయం. నిజం చెబుతున్నాను, నాకు చాలా భయంగా ఉంది. హంతకుడెవరో తెలియకుండా గంగాధరరావు పోడులే అనుకుంటే కాస్త నిద్ర పడుతోంది.

ఒకవేళ పోతే, మధ్యలో దిగిపోయిన ఈ డ్యూటీకి రిలీవరు తవిటయ్య. నన్ను ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకువెళ్లాక, అతను బయట బెంచీ మీద కూర్చుని ఆ చివరి అధ్యాయం చదవవలెను. ఇది ఆస్తి కాదు, పని. అందుచేత అతను కూడా సాక్షి సంతకం పెట్టవచ్చని ప్లీడరు గారు అన్నారు. సంతకానికి ఇప్పుడే వచ్చాడు. నేను సాపు రాసేలోపు బల్ల మీది పుస్తకం తీసుకుని కూర్చున్నాడు. అతని ముఖం కనిపించకుండా గోడవైపు తిరిగి రాస్తున్నాను.

8. పాడె మోసేటప్పుడు దారిలో ఒకచోట దించి, ప్రాణం ఏ మూలనైనా ఉందేమోనన్న ఆశతో పోయినవాడి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. దింపుడు కళ్లం దగ్గర నన్ను ఎవరూ పేరు పెట్టి పిలవరాదు. తవిటయ్య నా చెవి దగ్గర వంగి హంతకుడి పేరు చెప్పవలెను. ప్రాణమంటూ మిగిలి ఉంటే, మళ్లీ ముందే చెప్పేశాడన్న కోపంతోనైనా లేచి కూర్చుంటాను. లేవకపోతే, అంతా అప్పజెప్పించుకుని దిగినట్టే. పగ కూడా అక్కడితో సరి.

9. ఈ వీలునామా అమలు బాధ్యత మా అమ్మాయి శ్రీవల్లిది. ఎనిమిదో క్లాజు చదివి ఏడవకూడదు. ఈ ఇంట్లో ఏడుపు మేకపిల్లల కోసం మాత్రమే.

కూర్మన్నపాలెం, 2025 నవంబరు 18, మంగళవారం.

(సంతకం) చిట్టూరి గంగాధరరావు

సాక్షులు:

1. ఉమాశంకర్, పై ఫ్లాటు. (పేజీల మూలలు ఇకమీదట మడవనని మనవి.)

2. గొర్లె తవిటయ్య. సంతకం పెట్టినాను గానీ ఎనిమిదో క్లాజుకి నాను ఒప్పుకోను. బావా, నువ్వు గోడకేసి తిరిగి రాస్తన్నప్పుడే ఆకరి అధ్యాయం సదివేసినాను. సంపిందెవులో నాకు తెలుసు. ఈపాలి మాత్రం సెప్పను, నీ సెవిలో కూడా సెప్పను. నువ్వే లేసొచ్చి సదూకో.