ఇరవై సున్నాలు

ప్రేమానందం గారికి,

నమస్కారం. అమెరికా మాజీ సైనికుల క్లినిక్‌లో ఫారాలు చూసే దేదీప్యను. యుద్ధం మనసును ఇంకా వేధిస్తోందా అని అడిగే ఇరవై ప్రశ్నలకూ మీరు సున్నాలే వేశారు. సున్నా అంటే ఏ బాధా లేదని, నాలుగంటే భరించలేనంత అని. ఇంత ప్రశాంతమైన మనిషి మా స్టాఫ్‌లోనే లేరు. ఇలాగైతే కౌన్సెలింగ్‌కి పేరు రాయలేం. మళ్ళీ చూసి నింపండి.

మీ మేలు కోరే,
దేదీప్య

తా.క. తెలుగులో రాస్తే నోరు విప్పుతారని మీ శ్రీమతి విమలకుమారి గారు ఫోన్ చేసి చెప్పారు.

*

సహోదరి దేదీప్య గారికి,

వందనాలు. మళ్ళీ చూశాను, మళ్ళీ సున్నాలే. ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చి చాలా ఏళ్ళయింది. నిద్ర బాగానే పడుతుంది, సోఫాలో, తలుపుకి ఎదురుగా, బూట్లతో. చప్పుళ్ళకు ఉలిక్కిపడను. జూలై నాలుగున టపాసులు మొదలవగానే కార్ వాష్‌కి వెళ్తాను, కారులోనే కూర్చుంటే ఆ బ్రష్షుల హోరులో ఏమీ వినపడవు. పోయినేడు ఒక్క సాయంత్రం ఆరుసార్లు కడిగించాను. కారు కూడా బాగుంది.

ప్రభువు కృపలో,
ప్రేమానందం

తా.క. మేలో మా అమ్మాయి షారన్ గ్రాడ్యుయేషన్, స్టేడియంలో. జనమంటే నాకేం ఇబ్బంది లేదు. లైవ్‌లో అయితే మొహం దగ్గరగా కనిపిస్తుందని ఇంట్లోనే చూస్తానన్నాను. అప్పట్నుంచి అది నాతో మాట్లాడటం లేదు.

*

అన్నయ్య గారికి,

మన ఇళ్ళలో భోజనానికి రమ్మంటే మొదట ‘వద్దండీ, ఇప్పుడే తిన్నాను’ అంటాం. మీరిప్పుడు చేస్తున్నది అదే. ఫారానికి మన మర్యాదలు తెలియవు, ఒకసారి వద్దంటే విస్తరి తీసేస్తుంది. నేను తీయను. ఇది మూడో వడ్డన, మొహమాటపడకండి. షారన్‌కి కావలసింది మీరు తన మొహం చూడటం కాదు, అక్కడ ఉండటం.

మీ చెల్లెలు,
దేదీప్య

తా.క. కార్ వాష్‌కి నాలుగు, బూట్లకు నాలుగు వేయాలని చెయ్యి దురద పెడుతోంది. మీరే వేయాలని రూలు.

*

చెల్లెమ్మా,

మొహమాటం నిజమే. ఆఫ్ఘనిస్తాన్‌లో నా టీంలో నలుగురు టెక్సాస్ కుర్రాళ్ళుండేవారు. ముందు వాళ్ళ పంక్తి లేవాలి, తర్వాతే నేను కూర్చోవాలనుకున్నాను. నీ ఉత్తరం చదివి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. నలుగురూ సున్నాలే వేశారట. ఎందుకురా అంటే, ‘సార్జెంట్, మీరు ముందు వెళ్ళాలి కదా’ అన్నారు. మొహమాటం మన గోదావరి పంటే అనుకున్నాను, టెక్సాస్‌లోనూ పండుతుందట. ఇన్నాళ్ళూ ఐదుగురం ఒకరి కోసం ఒకరం ఆకలితో కూర్చున్నాం.

ఈసారి నిజం రాశాను. ఎనభైకి యాభై ఎనిమిది వచ్చింది. రాస్తూ ఏడ్చాను, విమల పక్కనే ఉంది. ఆ కుర్రాళ్ళూ రాస్తున్నారు.

నీ అన్నయ్య,
ప్రేమానందం

తా.క. షారన్‌ని ఇంకో నాలుగు టికెట్లు అడిగాను. ‘వై ఫోర్, డాడీ?’ అంది. ‘నాకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కూర్చుంటారమ్మా’ అన్నాను. అంతే, నా మెడ పట్టుకుని వదల్లేదు.